రూబిన్‌స్టీన్–టేబీ సిండ్రోమ్: కోనసీమ బాబు ఒకడిలో కోయాక్టివేటర్ కొరత

బాబుకి 11 నెలలు. 2022 సంక్రాంతి వెళ్లాక మలబద్ధకం కోసమని తీసుకొచ్చారు. మూడు నాలుగు రోజులకోసారి విరేచనం, అదీ ఏడ్చి ఏడ్చి. మాటల మధ్యలో తల్లి మిగతావి ఒక్కొక్కటే చెప్పింది. పాలు పడితే సగం కక్కేస్తాడు. పుట్టినప్పటి నుంచి ఎడమ కంటి వెంట నీరు కారుతూనే ఉంది. రెండుసార్లు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. తోటి పిల్లలు పాకుతుంటే వీడికింకా కూర్చోవడం రాలేదు. కంటికి ఒక డాక్టరు, వాంతులకి ఒక డాక్టరు, ఆయాసానికి ఇంకొకరు. ఎవరి కాగితాలు వాళ్ల కవర్లో పెట్టి, అన్నీ ఒకే సంచిలో తెచ్చారు.

నేను అమలాపురంలో ప్రాక్టీసు చేసే పిల్లల డాక్టర్ని. ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఉంది. ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో పరీక్ష కోసం చదివి వదిలేసే జన్యు నియంత్రణ పాఠం ఈ బాబు విషయంలో అడుగడుగునా పనికొచ్చింది. ఏ పరీక్ష రాయాలి, వచ్చిన రిపోర్టుని ఎంతవరకు నమ్మాలి, ఇంట్లో పెద్దావిడకి ఏం చెప్పాలి, ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకి ఏం రాసి పంపాలి అన్న ప్రతి ప్రశ్నకీ జవాబు ఆ పాఠంలోంచే వచ్చింది. తల్లిదండ్రుల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు వదిలేశాను.

పరీక్ష చేసినప్పుడు కనిపించినవి

నెలలు నిండి పుట్టాడు, 2.7 కిలోలు. కాన్పులో ఇబ్బందేమీ లేదు. కడుపులో బాగానే పెరిగి, పుట్టాక వెనకబడ్డాడన్నమాట. 11 నెలలకి బరువు 6.6 కిలోలు, పొడవు 68 సెంటీమీటర్లు, తల చుట్టుకొలత 41.8 సెంటీమీటర్లు. డబ్ల్యూహెచ్‌వో చార్టులో బరువు, తల రెండూ సగటుకి బాగా దిగువన ఉండే మైనస్ 3 ఎస్‌డీ గీత కన్నా కిందే ఉన్నాయి.

చేతులు చూశాక ఆలోచన ఒక దారిలో పడింది. రెండు బొటనవేళ్లూ చివరి కణుపు దగ్గర వెడల్పుగా, చదునుగా ఉన్నాయి. గోరు పొడవు తక్కువ, వెడల్పు ఎక్కువ. చివరి కణుపు మిగతా వేళ్లకి దూరంగా, బయటి వైపుకి ఒంగి ఉంది. మెల్లగా సరిచేసి పట్టుకుందామంటే రాలేదు. కీలు వదులైతే అలా ఉండదు, ఎముకే ఆ ఆకారంలో ఉంది. సాక్సులు తీయించి చూస్తే కాలి బొటనవేళ్లు ఇంకా వెడల్పు. “వాళ్ల తాతగారి వేళ్లండీ, అచ్చం అవే” అంది తల్లి. తాతగారు బయట బెంచీ మీదే ఉన్నారు. పిలిచి చూశాను. పొలం పనికి మొద్దుబారిన చేతులే గాని, ఎముకలు మామూలుగానే ఉన్నాయి.

ఆ తర్వాత ముఖం. కనుబొమలు బాగా వంపు తిరిగి ఉన్నాయి, కళ్ల బయటి కొనలు కిందికి వాలి ఉన్నాయి, రెప్ప వెంట్రుకలు పొడవు. ముక్కు రంధ్రాల మధ్య ఉండే గోడ, రంధ్రాల అంచు కన్నా కిందికి దిగి ఉంది. అంగుడి ఎత్తుగా, ఇరుగ్గా ఉంది. నుదుటి మీద ఎర్రటి మచ్చ, వీపు మీద నూగు ఎక్కువ. రెండు వృషణాలూ సంచిలోకి దిగలేదు. గుండె దగ్గర స్టెత్ పెడితే మెత్తటి మర్మర్, అంటే మామూలు చప్పుడుకి అదనంగా ఒక శబ్దం వినిపించింది.

తాళాల గుత్తి ఊపితే నవ్వాడు. నవ్వినప్పుడు కళ్లు దాదాపు పూర్తిగా మూసుకుపోయాయి. రూబిన్‌స్టీన్–టేబీ సిండ్రోమ్ ఉన్న పిల్లల నవ్వుని పుస్తకాల్లో ఒక లక్షణంగా ప్రత్యేకించి రాస్తారు. మనిషిని చూస్తే చాలు నవ్వే, ఎవరి దగ్గరికైనా చేతులు చాపే పిల్లలు వీళ్లు. తల్లికి ముందు ఆ మాటే చెప్పాను. లోపాలన్నీ వరుసగా చదివి వినిపించడం కన్నా అక్కడ మొదలుపెట్టడమే సరైనదని నా అభిప్రాయం.

పిల్లల డాక్టరు జాక్ రూబిన్‌స్టీన్, రేడియాలజిస్టు హూషంగ్ టేబీ కలిసి 1963లో ఇలాంటి బొటనవేళ్లున్న ఏడుగురు పిల్లల గురించి రాశారు. సుమారు లక్ష నుంచి లక్షా పాతిక వేల కాన్పులకి ఒకరు ఇలా పుడతారని అంచనా.

సంచిలో ఉన్న నార్మల్ రిపోర్టు

కవర్లలో ఒక క్రోమోజోమ్ రిపోర్టు కూడా ఉంది. డౌన్ సిండ్రోమ్ ఏమోనన్న అనుమానంతో అంతకుముందే చేయించారు. 46, ఎక్స్‌వై, నార్మల్. “జన్యువుల్లో ఏం లేదని తేలిపోయిందండీ” అన్నాడు తండ్రి. ఈ అపోహ చాలా ఇళ్లలో చూస్తుంటాను, దీనివల్ల ఏళ్లకేళ్లు వృథా అవుతాయి కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. క్యారియోటైప్ అనే ఈ మామూలు క్రోమోజోమ్ పరీక్షలో కనపడాలంటే డీఎన్ఏలో 50 లక్షల నుంచి కోటి అక్షరాలంత ముక్క పోవాలి, లేదా అదనంగా చేరాలి. ఇక్కడ మనం అనుమానిస్తున్న సీఆర్‌ఈబీబీపీ జన్యువు మొత్తం పొడవే సుమారు లక్షన్నర అక్షరాలు. అందులో ఒక్క అక్షరం మారినా జబ్బు రావచ్చు. క్రోమోజోములు 46 సరిగ్గా ఉన్నాయంటే లెక్క సరిపోయిందని అర్థం, లోపల రాసింది సరిగ్గా ఉందని కాదు.

వెడల్పు బొటనవేళ్లు ఇంకొన్ని జబ్బుల్లోనూ ఉంటాయి. ఫైఫర్, ఏపర్ట్ సిండ్రోముల్లో పుర్రె అతుకులు ముందే మూసుకుపోతాయి. వీడి మాడు మెత్తగా, తెరిచే ఉంది. కార్నీలియా డి లాంగ్‌లో కనుబొమలు, రెప్పల వెంట్రుకలు ఇలాగే అనిపించినా చేతులు, పైపెదవి వేరుగా ఉంటాయి. ఫ్లోటింగ్–హార్బర్ అనే సిండ్రోమ్ మాత్రం నిజంగా దగ్గరి పోలిక. అందులో దెబ్బతినే ఎస్‌ఆర్‌సీఏపీ ప్రోటీన్, సీఆర్‌ఈబీబీపీ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌తో కలిసి పనిచేసేదే. రెండింటికీ బొటనవేలి దగ్గర పోలిక రావడం అందుకే నాకు ఆశ్చర్యం అనిపించదు.

థైరాయిడ్ నార్మల్. ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో చిన్న ఏఎస్‌డీ (గుండె పై గదుల మధ్య గోడలో రంధ్రం), గుండెకి భారం పడేంత కాదు. కిడ్నీల స్కాన్ బాగుంది. ఈ పిల్లల్లో మూడో వంతు మందికి పుట్టుకతో గుండె లోపం ఉంటుంది కాబట్టి మర్మర్ లేకపోయినా ఎకో చేయించాల్సిందే.

జన్యు పరీక్షకి క్లినికల్ ఎక్సోమ్ రాశాను, జబ్బులతో సంబంధమున్న జన్యువుల్ని అక్షరం అక్షరం చదివే పరీక్ష అది. డిలీషన్లు కూడా చూడమని ఫారంలో విడిగా రాశాను. కొందరిలో అక్షరం మారదు, జన్యువులో ముక్కే ఎగిరిపోతుంది. అది వెతకమని అడగకపోతే కొన్ని ల్యాబులు చూడవు. ఖర్చు వేలల్లో ఉంటుంది. వేళ్లు, ముఖం చూస్తే జబ్బు తెలిసిపోతోంది కదా, అంత డబ్బెందుకని తండ్రి అడిగాడు. న్యాయమైన ప్రశ్న. వీడి వైద్యం వరకే అయితే నేను బలవంతపెట్టేవాణ్ని కాదు. ఆ ఇంట్లో ఇంకో ప్రశ్న నలుగుతోంది, దానికి రిపోర్టు లేకుండా ధైర్యంగా జవాబు చెప్పలేను. ఆ ప్రశ్న సంగతి కాస్త తర్వాత చెప్తాను.

రిపోర్టు వచ్చింది. సీఆర్‌ఈబీబీపీ జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలో, 14వ ఎక్సాన్‌లో (ప్రోటీన్ సమాచారం ఉండే ముక్కల్లో 14వది) ఒక అక్షరం మారి మధ్యలోనే స్టాప్, అంటే ప్రోటీన్ తయారీ ఆపేయమనే గుర్తు పడింది. తల్లిదండ్రుల రక్తంలో అదే చోటు చదివిస్తే ఇద్దరిలోనూ ఆ మార్పు లేదు.

సీబీపీ చేసే పని

ఒంట్లో కాలేయ కణానికి, మెదడు కణానికి ఉన్న జన్యు సమాచారం ఒకటే. ప్రోటీన్లు తయారుచేసే జన్యువులు సుమారు 20 వేలు. కణం ఏదవుతుందన్నది ఏ జన్యువుని ఎప్పుడు, ఎంత చదువుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లు డీఎన్ఏ మీద తమకి తెలిసిన అక్షరాల వరుసని గుర్తుపట్టి అక్కడ అంటుకుంటాయి. అంటుకున్నంత మాత్రాన జన్యువు పని మొదలవదు. డీఎన్ఏ హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ బిగుతుగా చుట్టుకుని ఉంటుంది. దాన్ని వదులు చేయాలి, జన్యువుని చదివే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ని, దాని వెంట ఉండే పెద్ద బలగాన్ని జన్యువు మొదటికి రప్పించాలి. ఈ పని చేసేవే కోయాక్టివేటర్లు. ఇవి డీఎన్ఏ వరుసని సొంతంగా గుర్తుపట్టవు. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ఎక్కడ కూర్చుంటే అక్కడికి వచ్చి పని చేస్తాయి.

సీఆర్‌ఈబీబీపీ జన్యువు తయారుచేసే సీబీపీ అలాంటి కోయాక్టివేటర్. 2,442 అమైనో ఆమ్లాల పెద్ద ప్రోటీన్. 1993లో దీన్ని కనిపెట్టింది క్రెబ్ అనే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ద్వారా. హార్మోనో, నరాల సంకేతమో కణాన్ని తాకితే లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరుగుతుంది. దాంతో ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్ మేలుకుని, క్రెబ్‌లోని 133వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీద ఒక ఫాస్ఫేట్ పెడుతుంది. ఆ ఫాస్ఫేట్ ఉన్న క్రెబ్‌ని సీబీపీలోని కిక్స్ అనే భాగం పట్టుకుంటుంది. అప్పటిదాకా డీఎన్ఏ మీద ఊరికే కూర్చున్న క్రెబ్ అప్పుడు జన్యువుని నడిపించగలుగుతుంది.

పట్టుకున్నాక సీబీపీ రెండు పనులు చేస్తుంది. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కీ పాలిమరేజ్ బలగానికీ మధ్య నిలబడి రెంటినీ కలుపుతుంది. రెండోది 1996లో తెలిసింది. సీబీపీ స్వయంగా ఎంజైమ్. హిస్టోన్ల తోకల్లో ఉండే లైసీన్ అనే అమైనో ఆమ్లాల మీద ఎసిటైల్ అనే చిన్న రసాయన సమూహాలు తగిలిస్తుంది. లైసీన్‌కి ఉండే ధనావేశం పోయి, రుణావేశం ఉన్న డీఎన్ఏ మీద పట్టు సడలుతుంది. పైగా ఆ ఎసిటైల్ గుర్తుని చదివి వచ్చే ప్రోటీన్లు వేరే ఉన్నాయి, అవీ వచ్చి చేరతాయి. హిస్టోన్ హెచ్3లోని 27వ లైసీన్ మీద ఈ గుర్తు కనిపిస్తే అక్కడ పనిచేస్తున్న ఎన్‌హాన్సర్ (జన్యువు చదవడాన్ని పెంచే డీఎన్ఏ ముక్క) ఉందని ప్రయోగశాలల్లో లెక్కేస్తారు. ఆ గుర్తు పెట్టేది ప్రధానంగా సీబీపీ, దాని తోబుట్టువు పీ300.

పీ300 సంగతి కూడా చెప్పాలి. 2,414 అమైనో ఆమ్లాలతో సీబీపీని బాగా పోలి ఉంటుంది. అడినోవైరస్ కణంలోకి దూరాక దాని ఈ1ఏ ప్రోటీన్ పట్టుకునే వాటిల్లో ఒకటిగా పీ300 మొదట బయటపడింది. కణం మొత్తాన్ని లొంగదీసుకోవాలంటే ఎవర్ని పట్టుకోవాలో వైరస్‌కి మనకన్నా ముందే తెలుసు! రూబిన్‌స్టీన్–టేబీలో సగానికి పైగా కేసుల్లో దెబ్బతినేది సీఆర్‌ఈబీబీపీ, ఆ సంగతి 1995లో తేలింది. పదో వంతు లోపు మందిలో పీ300ని తయారుచేసే ఈపీ300 జన్యువు, అది 2005లో.

మోతాదు ఎందుకు ముఖ్యమో ఎలుకల ప్రయోగాలు బాగా చూపించాయి. సీబీపీ రెండు కాపీలూ లేని ఎలుక పిల్లలు తల్లి కడుపులోనే చనిపోతాయి. పీ300 రెండు కాపీలూ లేకపోయినా అంతే. సీబీపీ ఒక కాపీ, పీ300 ఒక కాపీ పోయినవి కూడా బతకవు. అంటే ఒకటి పోతే ఇంకొకటి పూర్తిగా సర్దుకోలేదు, రెండూ కలిపి ఎంతుందన్న లెక్క కూడా ముఖ్యమే. కణంలో సీబీపీ అవసరానికి మించి ఉండదు. 400కి పైగా ప్రోటీన్లు దాని సాయం కోరతాయి. మా బాబులో 14వ ఎక్సాన్ దగ్గర స్టాప్ పడింది కాబట్టి ఆ కాపీ నుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏని కణం చాలావరకు నాశనం చేసేస్తుంది. ఒకవేళ ప్రోటీన్ తయారైనా ఎసిటైల్ తగిలించే భాగం ఇంకా ముందుంది, అక్కడిదాకా రాదు. మిగిలింది ఒక మంచి కాపీ, దాదాపు సగం మోతాదు.

వేళ్లు, కళ్లు, గుండె, వృషణాలు, మెదడు అన్నీ ఒకేసారి ఎందుకన్న ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. పిండంలో చేతి మొగ్గకి బొటనవేలి వైపు ఏది, చిటికెన వేలి వైపు ఏది అని నిర్ణయించే సంకేతాల్లో జీఎల్‌ఐ3 అనే ఫ్యాక్టర్ ఉంది. అదీ సీబీపీ సాయం తీసుకునేదే. ఒక్కో అవయవానికి ఒక్కో ఫ్యాక్టర్ ఉన్నా, చాలావాటికి చివర్లో సాయం పట్టేది ఈ ఒక్కటే. వేర్వేరు కవర్లలో వేర్వేరు జబ్బులుగా తిరిగింది ఒకే కొరత.

రిపోర్టు చదివేటప్పుడు జన్యువు పేరు చూసి ఆగిపోకూడదని కూడా ఈ సందర్భంలోనే చెప్పాలి. అదే సీఆర్‌ఈబీబీపీలో 30వ ఎక్సాన్ చివర్లోనో 31వ ఎక్సాన్‌లోనో అమైనో ఆమ్లం మారితే మెంకె–హెన్నెకమ్ అనే వేరే సిండ్రోమ్ వస్తుంది. ఆ పిల్లలకి ఈ బొటనవేళ్లు ఉండవు, ముఖమూ వేరు. ప్రోటీన్ తగ్గడం వేరు, ఉన్న ప్రోటీన్ ఒక చోట తేడాగా ప్రవర్తించడం వేరు. మార్పు ఎక్కడ పడింది, ఎలాంటిది, పిల్లవాడి ఒంటి మీద కనిపించేదానితో కలుస్తుందా అని మూడూ చూసుకున్నాకే నేను ఇంట్లోవాళ్లకి జబ్బు పేరు చెప్పాను.

ఆ ఇంటి ప్రశ్న

ఇది మేనరికం. బాబు తల్లి, నాయనమ్మకి సొంత అన్నకూతురు. ఆ పెళ్లి పట్టుబట్టి చేయించింది నాయనమ్మే. బాబు ఎదగట్లేదని తెలిసినప్పటి నుంచి రెండిళ్ల మధ్యా రాకపోకలు తగ్గాయి. “మేనరికం చేస్తే ఇంతే” అని ఊళ్లో ఒకరు, గ్రహణం రోజు కోడలు వాకిట్లో తిరిగిందని ఇంకొకరు అన్నారు. పరీక్షల కోసం వచ్చిన ప్రతిసారీ నాయనమ్మ వెంటే ఉండేది గాని, లోపలికి వచ్చేది కాదు.

రిపోర్టు చెప్పే రోజు అందర్నీ లోపల కూర్చోబెట్టాను. తండ్రిది కాలువ చివర ఊరు, వరి వేస్తారు. అందుకని లస్కర్ల లెక్కలో చెప్పాను. నీళ్లు ఎప్పుడు, ఏ తూముకి ఎంత వదలాలో పైనుంచి ఆర్డరు వస్తుంది. తలుపు ఎత్తేది లస్కరు. ఇద్దరు ఉండాల్సిన కాలువ మీద ఒక్కడే ఉంటే ఏ తూమూ పూర్తిగా మూతపడిపోదు. కొన్ని ఆలస్యంగా లేస్తాయి, కొన్ని సగమే లేస్తాయి. తూము పక్కన ఉన్న చేలకి తేడా తెలియదు.

“శివారు చేలు ఎండుతాయి” అన్నాడు తండ్రి. నేను చెప్పాల్సిన మాట ఆయనే అన్నాడు. బాబు ఒంట్లో పనులన్నీ జరుగుతున్నాయి. సీబీపీ ఎక్కువగా, సరిగ్గా సమయానికి కావాల్సిన చోట్ల మాత్రం కొరత కనిపిస్తోంది.

“మరైతే ఇంకో లస్కర్ని వేసే మందు లేదాండీ?” అని అడిగాడు. దీనికి దాచకుండా చెప్పాలి. హిస్టోన్ల మీంచి ఎసిటైల్ గుర్తుల్ని తీసేసే ఎంజైములు కణంలో ఉంటాయి. వాటిని ఆపే మందులిస్తే ఉన్న కాస్త ఎసిటైల్ ఎక్కువసేపు నిలుస్తుంది. సీబీపీ సగం ఉన్న ఎలుకల్లో అలా చేస్తే జ్ఞాపకశక్తి మెరుగైనట్టు 2004లో చూపించారు. పిల్లలకి వాడే స్థితికి ఆ దారి ఇంకా రాలేదు, అలాంటి మందు ఎవరైనా రాస్తే కొనొద్దని కూడా చెప్పాను. వేళ్లు, గుండె గోడలు అయితే గర్భం మొదటి రెండు నెలల్లోనే ఏర్పడిపోతాయి. “నాట్ల టైము దాటాక నీళ్లొస్తే ఏం లాభంలెండి” అన్నాడు. అవును, వేళ్ల వరకు అంతే. మెదడు అలా కాదు, అది పుట్టాక కూడా ఏళ్ల తరబడి ఎదుగుతూనే ఉంటుంది, అక్కడ మనం చేయగలిగింది చాలా ఉందని చెప్పాను.

నాయనమ్మ అప్పటిదాకా మాట్లాడలేదు. “నా మూలానే కదండీ బాబుగారూ” అంది. ఈ మాటకి జవాబు కోసమే నేను తల్లిదండ్రుల రక్తపరీక్ష అంత గట్టిగా అడిగింది. మేనరికంలో భయపడాల్సింది రెండు కాపీలూ చెడితే వచ్చే జబ్బులకి. ఒకే తాత నుంచి చెడ్డ కాపీ అటు నుంచీ ఇటు నుంచీ బిడ్డకి చేరుతుంది. ఆ భయం నిజమైనదే, మేనరికాలు వద్దని నేను ఇప్పటికీ చెప్తాను. ఈ జబ్బు దారి వేరు. ఒక్క కాపీ చెడితే చాలు, ఆ చెడు తల్లిలో లేదు, తండ్రిలో లేదు. అండమో వీర్యకణమో తయారయ్యేటప్పుడో, బిడ్డ కడుపులో పడ్డ కొత్తల్లోనో ఒక అక్షరం తప్పు పడింది. దూరపు సంబంధం చేసుకున్నా ఇదే జరిగుండేది. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. “పెద్దమ్మా, ఇందులో మీ తప్పు ఒక్క పిసరు కూడా లేదు” అన్నాను. ఆమె కోడలి చేతిలోంచి బాబుని తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

ఇంకో బిడ్డ పుడితే మళ్లీ వచ్చే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ. రక్తంలో కనపడకపోయినా కొన్ని అండాల్లోనో వీర్యకణాల్లోనో ఈ మార్పు దాక్కుని ఉండొచ్చు కాబట్టి సున్నా అని చెప్పలేం. మార్పు ఏదో అక్షరంతో సహా తెలుసు కనుక వాళ్లు కోరుకుంటే 11 వారాల తర్వాత మాయ నుంచో, 16 వారాలప్పుడు ఉమ్మనీటి నుంచో పరీక్ష చేయించుకోవచ్చు. ఈ రెండు వాక్యాలూ ఫైలులో తెలుగులో రాసి ఇచ్చాను, తల్లి పుట్టింట్లో కూడా చదివి వినిపించమన్నాను.

మత్తు ఇచ్చే ముందు

వైద్యంలో నేను ఎక్కువ సమయం పెట్టింది ఆపరేషన్ మీద. మలబద్ధకానికి పాలీఇథిలీన్ గ్లైకాల్, పాలు పట్టాక నిటారుగా పట్టుకోవడం, చిక్కటి జావ, కడుపులోది పైకి తన్నుకొచ్చే రిఫ్లక్స్‌కి మందు మొదలుపెట్టాం. బరువు నెమ్మదిగా లేచింది. బెరా అనే వినికిడి పరీక్షలో రెండు చెవుల్లోనూ కొద్దిపాటి వినికిడి లోపం తేలింది, కర్ణభేరి వెనక నీరు చేరడం వల్ల. కంటి డాక్టరు కన్నీటి నాళం మూసుకుపోయిందన్నారు. కంట్లో ఒత్తిడి మామూలుగా ఉంది. ఈ పిల్లల్లో కంట్లో ఒత్తిడి పెరిగే గ్లాకోమా రావచ్చు, కన్ను నీరు కారితే నాళమే అనుకుని వదిలేయకూడదు.

వృషణాలు దింపాలి, కన్నీటి నాళం తెరవాలి, చెవుల్లో నీరు చూడాలి. మూడింటికీ మూడుసార్లు మత్తు ఇవ్వడం వీడి విషయంలో మంచిది కాదు. నోరు చిన్నది, అంగుడి ఎత్తు, గొంతు గోడలు మెత్తగా ఉండి మత్తులో కూలిపోతాయి, ట్యూబు వేయడం కష్టం కావచ్చు. రిఫ్లక్స్ ఉన్నవాడు కాబట్టి కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. మత్తు సమయంలో కండరాలు సడలించడానికి వాడే సక్సినైల్‌కోలిన్ ఇచ్చాక గుండె లయ తప్పిన కేసు కూడా వైద్య పత్రికల్లో ఉంది. ముగ్గురు సర్జన్లతో మాట్లాడి కాకినాడలో ఒకే మత్తులో మూడూ జరిగేలా కుదిర్చాను. మత్తు డాక్టరుకి ఒక పేజీ ఉత్తరం రాశాను: జబ్బు పేరు, ఎకో, శ్వాసమార్గం వివరాలు, రిఫ్లక్స్, వాడకూడదనుకున్న మందు, ఆపరేషన్ తర్వాత ఒక రాత్రి గమనింపులో ఉంచమన్న విన్నపం.

2022 జూలైలో తేదీ తీసుకున్నాం. ఆ నెలలోనే గోదావరికి పెద్ద వరద వచ్చింది. లంకలు మునిగాయి, కాజ్‌వేలు నీళ్ల కిందికి పోయాయి. తేదీ దసరా తర్వాతకి జరిగింది. అప్పటికి బాబుకి 20 నెలలు. రెండోసారి ప్రయత్నంలో చిన్న సైజు ట్యూబుతో గొంతు దాటగలిగామని మత్తు డాక్టరు ఫోన్‌లో చెప్పారు. ముందే తెలియకపోతే ఆ గదిలో ఎంత టెన్షన్ పడేవారో ఊహించగలను. మూడు పనులూ అయ్యాయి, మర్నాడు ఎదుర్లంక వంతెన మీదుగా ఇంటికి వచ్చేశారు.

ఇంకో చిన్న విషయం. పుట్టువెంట్రుకలతోపాటు చెవులు కుట్టించాలనుకున్నారు. వద్దన్నాను. ఈ సిండ్రోమ్‌లో చిన్న గాయానికి కూడా కెలాయిడ్లు, అంటే ఉబ్బి పెరిగే మచ్చలు లేచే అవకాశం ఎక్కువ. తలనీలాలు ఇచ్చి, చెవులు మానేశారు.

నేర్పించడం

సీబీపీ, క్రెబ్ కలిసి నడిపించే జన్యువుల్లో దీర్ఘకాలిక జ్ఞాపకానికి అవసరమైనవి ఉన్నాయి. నరాల మధ్య అతుకు గట్టిపడాలంటే కొత్త ప్రోటీన్లు తయారవ్వాలి, దానికి జన్యువుల్ని చదవాలి. సీబీపీ సగమే ఉన్న ఎలుకలు అప్పటికప్పుడు నేర్చుకుంటాయి గాని, మర్నాటికి నిలుపుకోవడంలో వెనకబడతాయి. ఎలుకల సంగతి తెచ్చి పిల్లలకి అంటించడంలో జాగ్రత్త అవసరం. అయినా తల్లికి ఇది ఒక రకంగా పనికొచ్చింది. నిన్న చప్పట్లు కొట్టినవాడు ఇవాళ మర్చిపోతే మొండితనం అని విసుక్కోకుండా, మళ్లీ మొదటి నుంచి చూపించింది. ఒకేసారి గంట కూర్చోబెట్టకుండా రోజులో చాలాసార్లు, కొద్దికొద్దిగా చేయమని ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు ఇద్దరూ చెప్పారు. ప్రభుత్వ పిల్లల ఆరోగ్య కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే ద్వారా థెరపీకి పేరు రాయించాం. వారానికోసారి కాకినాడ వెళ్లడం కుదరని వారాల్లో ఇంటి దగ్గర చేయాల్సినవి నాయనమ్మ చేయించేది.

వీళ్లలో నడక సగటున రెండున్నరేళ్లు దాటాక వస్తుంది. మా బాబు 32 నెలలకి నడిచాడు. మాటలకన్నా ముందు సైగలు నేర్పాం. సైగలు నేర్పితే మాటలు రావని ఊళ్లో భయపెట్టారు, అది నిజం కాదు. అన్నం, నీళ్లు, చాలు, ఇంకా అనే నాలుగు సైగలు వచ్చాక ఏడుపు సగం తగ్గింది.

ఇప్పుడు

నాలుగేళ్లు దాటాయి. అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. పది పదిహేను మాటలు అంటాడు, పాట పెడితే ఎక్కడున్నా వచ్చి ఊగుతాడు. ఏఎస్‌డీ చిన్నదైంది. అంగవైకల్య సర్టిఫికెట్ వచ్చింది. ఎత్తు, బరువు ఈ సిండ్రోమ్ పిల్లల కోసం తయారుచేసిన చార్టు మీద చూస్తున్నాను, అందులో మధ్యలో ఉన్నాడు. మామూలు చార్టు పెట్టి ఇంకా తినిపించండి అంటే రేపు టీనేజీలో ఒళ్లు వస్తుంది, వీళ్లలో ఆ ధోరణి ఉంది. కన్ను, చెవి ఏడాదికోసారి. శాశ్వత పళ్లు వచ్చేటప్పుడు ముందు పళ్ల వెనక అదనపు మొన రావచ్చు, దాని సందులో పిప్పి పడుతుంది. ఆరో ఏడు నుంచి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాలని రాశాను. క్యాన్సర్ వస్తుందా అని తండ్రి ఎక్కడో చదివి అడిగాడు. మెనింజియోమా (మెదడు పొరల్లో వచ్చేది), పైలోమాట్రికోమా (చర్మంలో వచ్చేది) లాంటి క్యాన్సర్ కాని గడ్డలు వీళ్లలో ఎక్కువని తెలుసు. ఒంటి మీద కొత్త గడ్డ ఏదైనా కనిపిస్తే చూపించమన్నాను, ఊరికే స్కాన్లు వద్దన్నాను.

ఈ మధ్య గురక మొదలైంది, నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తోందని తల్లి ఫోన్‌లో వీడియో తీసి చూపించింది. స్లీప్ స్టడీకి రాశాను, ఈఎన్‌టీ డాక్టరుతో మాట్లాడాను. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు తీయాల్సి వస్తే మళ్లీ మత్తు తప్పదు. పాత ఉత్తరంలో బరువు, ఎకో మార్చి, క్రితంసారి ఏ సైజు ట్యూబు పట్టిందో చేర్చి కాకినాడకి పంపుతున్నాను.